రెండో కర్మ

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ డైరీ కొత్త సంవత్సరానికి ఎరువుల కొట్టు వాళ్ళు ఆయనకి ఇచ్చారు. ఆయన రాయరు, నేను రాయను, బీరువా మీద పడుంది. ఇవాళ దించాను. ఎవరితోనైనా చెప్పుకోకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. ఆయనతో చెబితే "పోన్లేద్దూ మాణిక్యం" అని పొలానికి వెళ్ళిపోతారు. స్టాఫ్ రూములో చెబితే సాయంత్రానికి పిఠాపురం అంతా తెలుస్తుంది.

మధ్యాహ్నం కరస్పాండెంట్ జగన్నాథరావు గారు పిలిచారు. నేను వెళ్ళేసరికి శ్రీదుర్గ అప్పటికే అక్కడ కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. లేచి నిలబడడం మాత్రం బాగా వచ్చు.

"మేడం గారూ, వచ్చే ఏడాది టెన్త్ ఇంగ్లీషు ఈ అమ్మాయికి ఇద్దామనుకుంటున్నామండి. పేరెంట్సు కూడా అడుగుతున్నారు. మార్చి ఎనిమిదిన వాళ్ళందరి ముందూ ఒక డెమో క్లాసు పెడదాం. బాగుందంటే సరే. లేదంటే ఎలాగూ మీరున్నారు కదండి."

ఎలాగూ మీరున్నారు! పద్నాలుగేళ్ళుగా టెన్త్‌కి ఇంగ్లీషు చెబుతున్నది నేను. స్టెప్నీ టైరు గురించి కూడా ఇంతకంటే మర్యాదగా మాట్లాడతారు.

"మరి నా డెమో ఎప్పుడండి?" అన్నాను.

"మీకేం డెమో అండీ! మిమ్మల్ని చూడనిదెవరు?" అని నవ్వారు. శ్రీదుర్గ నవ్వలేదు. నవ్వినా బాగుండేది, కోపం తెచ్చుకోడానికి ఒక దారి దొరికేది.

శ్రీదుర్గ నా స్టూడెంటే. ఉప్పాడ నుంచి వచ్చేది. వాళ్ళ నాన్న లోవరాజు వేటకి వెళ్ళేవాడు, తల్లి అచ్చాయమ్మ చేపలమ్మేది. తొమ్మిదో తరగతి సగంలో ఉండగా సముద్రపు కోతకి ఇల్లు పోయింది. భైరవపాలెంలో మేనమామ దగ్గరికి వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళకి మళ్ళీ ఉప్పాడ చేరుకుని, బీఎడ్ పూర్తి చేసి, పోయిన జూన్‌లో మా స్కూల్లోనే టీచరుగా చేరింది. చేరిన రోజు నా కాళ్ళకి దండం పెట్టింది. నేను స్టాఫందరికీ కాజాలు పంచాను. పంచకుండా ఉండాల్సింది.

ఫిబ్రవరి 5

డెమోకి ఏ పాఠం ఎంచుకుందో తెలిసింది. ద్వికర్మక క్రియలట. గివ్, సెండ్, షో, టీచ్ లాంటివి. ఒక్క క్రియ, దానికి రెండు కర్మలు: ఎవరికి, ఏంటి.

అది నా పాఠం. గ్రామర్ పుస్తకంలో ఉన్నది కాబట్టి అందరిదీ అనొచ్చు. మరి "కి" ఎక్కడిది? ఆ "కి" నాది. తెలుగు వాక్యంలో "కి" తగిలిన మాటని పట్టుకోమంటాను పిల్లల్ని. రాముకి పుస్తకం ఇచ్చాను. "కి" ముందు నిలబడితే టు అక్కర్లేదు: ఐ గేవ్ రాము ఎ బుక్. "కి" వెనక్కి పోతే టు కావాలి: ఐ గేవ్ ఎ బుక్ టు రాము. ఇంగ్లీషు వాడు అరపేజీ రాసిన రూలు ఒక్క అక్షరంలో వచ్చేస్తుంది. పెళ్ళయిన కొత్తలో బియ్యం ఏరుతూ కనిపెట్టాను. ఆ రోజు అన్నం అడుగంటింది.

ఇవాళ ఎనిమిదో తరగతి కిటికీ పక్కనుంచి వెళుతూ చూశాను. కావాలని చూడలేదు, దారి అటే. ముగ్గురు పిల్లల్ని ముందు నిలబెట్టింది. ఒకడు అచ్చాయమ్మ, నెత్తిన చేపల బుట్ట. ఒకడు "కి", నెత్తిన అట్టతో చేసిన టోపీ. ఒకత్తి అట్టముక్కతో చేసిన వంజరం చేపని పట్టుకుంది. "కి" బుట్ట పక్కనే నిలబడితే దర్జాగా చేతులు కట్టుకుంటాడు. చేప వాణ్ణి తోసి ముందుకొస్తే వెనక పడిపోతాడు, అప్పుడు వాడికి టు అనే చేతికర్ర ఇవ్వాలి. కర్ర పుచ్చుకుని వాడు ముసలాడిలా నడిస్తే క్లాసంతా విరగబడి నవ్వుతోంది.

నా క్లాసులో పద్నాలుగేళ్ళలో ఎవరైనా అలా నవ్వారా? నవ్వితే బయట నిలబెట్టాను.

"ఈ చిట్కా మా మేడం చెప్పింది పిల్లలూ" అంది చివర్లో. మా మేడం అంటే ఏ మేడమో! భైరవపాలెంలో ఎంతమంది మేడాలుండేవారో ఎవరికి తెలుసు.

ఫిబ్రవరి 9, ఆదివారం

పొద్దున్నే స్కూటీ మీద వచ్చింది. "అమ్మ పంపిందండి, ఇవాళ తెల్లారి వేటలో పడ్డదే" అని వంజరం ఇచ్చింది. నెలకి రెండు మూడు సార్లు ఇలా తెచ్చిస్తూనే ఉంది. లోపలికి రమ్మన్నాను. అమ్మకి వండి పెట్టాలండి అని వెళ్ళిపోయింది.

చింతపండు పులుసు పెట్టాను. ఆయన మూడోసారి అన్నం వడ్డించుకున్నారు. "అచ్చాయమ్మ చేప పంపిందంటే పంపినట్టే. ఆ పిల్ల కూడా తల్లిలాగే మంచిది. కాదేంటి?" అన్నారు.

నేను వండాను. మెచ్చుకున్నది పంపినామెని, తెచ్చినదాన్ని. వండినదాని ఊసే లేదు. ముల్లు గుచ్చుకుందని చెప్పి సగంలో లేచాను. ముల్లేమీ గుచ్చుకోలేదు.

ఫిబ్రవరి 12

నాకు అసూయ లేదు. అనుభవానికి విలువ లేకపోవడం గురించి నా బాధ.

ఫిబ్రవరి 14

టెన్త్ వాళ్ళకి రివిజన్ చెబుతూ ఎన్వీ అనే క్రియ దగ్గర ఆగిపోయాను. దీనికీ రెండు కర్మలే. ఐ ఎన్వీ యు యువర్ లక్. నీ అదృష్టానికి నీమీద నాకు అసూయ అని. గివ్‌లా దీన్ని తిప్పి రాయడానికి లేదు. టు పెట్టినా ఫర్ పెట్టినా తప్పే.

తెలుగులో అసూయ హాయిగా ఉంటుంది. ఎవరి "మీద" అంటే చాలు, ఊరుకుంటారు. ఇంగ్లీషు వాడు ఊరుకోడు. ఎవరిని సరే, వాళ్ళలో దేన్ని అని కూడా అడుగుతాడు.

ఇంటికొచ్చి ఊరికే రాసి చూశాను. ఐ ఎన్వీ హర్ హర్... హర్ ఏంటి? వయసా? ఆ వయసు నాకూ ఉండేది, ఏం చేసుకున్నాను. చీరలా? ఉప్పాడ పిల్ల అయ్యుండి నూలు చీరలే కడుతుంది. గొంతా? బొంగురు. ఖాళీ వదిలేశాను. ఖాళీ పూరించలేదు కాబట్టి అసూయ లేదన్నమాట.

ఫిబ్రవరి 17

ఇవాళ జగన్నాథరావు గారు స్టాఫ్ రూములో అందరి ముందూ చెప్పారు. "ఇక నుంచి అందరూ ఒకళ్ళనొకళ్ళు గారు అనే పిలుచుకోవాలండి. ప్రొఫెషనల్‌గా ఉండాలి." అంటే నేను దాన్ని శ్రీదుర్గ గారు అనాలి. చీమిడి ముక్కుతో మొదటి బెంచీలో కూర్చున్న పిల్లని! అన్నాను. "శ్రీదుర్గ గారూ, చాక్‌పీసు ఇలా ఇవ్వండి." దాని మొహం ఎర్రబడింది. "మేడం, నన్ను మీరలా అనకండి, నాకు ఏడుపొస్తుంది" అంది. అందరూ దాన్ని జాలిగా చూశారు. అందులోనూ అదే గెలిచింది.

తెలుగు మాస్టారు జీవరాజు గారు వాతావరణం తేలిక చేద్దామనుకున్నారు. "మాణిక్యం గారూ, ఏంటండీ మీ ఇంగ్లీషు క్రియలకి రెండేసి కర్మలు? మేం ఒక్క కర్మతోనే వేగలేక ఛస్తున్నాం." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

టెన్త్‌కి దొంగ క్రియలు చెప్పడం ఇవాళ పూర్తయింది. ఎక్స్‌ప్లెయిన్, సే, సజెస్ట్, డిస్క్రైబ్. వీటికి దొంగ క్రియలని పేరు పెట్టింది కూడా నేనే. తెలుగులో నాకు పాఠం వివరించారు అని "కి" లాంటిదే కనిపిస్తుంది, చూడడానికి అచ్చం గివ్‌లాగే ఉంటాయి, తీరా ఎక్స్‌ప్లెయిన్ మి అన్నామా, దొరికిపోయినట్టే. టు లేకుండా అవి మనిషి దగ్గరికి రావు. ఎక్స్‌ప్లెయిన్డ్ ద లెసన్ టు మి అనాలి. గోదావరి జిల్లాల్లో ఎమ్మేలు చదివినవాళ్ళు కూడా ఎక్స్‌ప్లెయిన్ మి సార్ అంటూనే రిటైరైపోతారు. తొమ్మిదిలో "కి" చెబుతాను. దొంగల్ని పదిలోనే చెబుతాను. రెండూ ఒకేసారి చెబితే పిల్లలు రెండూ వదిలేస్తారు.

ఫిబ్రవరి 24

సాయంత్రం అందరూ వెళ్ళాక శ్రీదుర్గ నా దగ్గరికొచ్చింది. డెమోకి రాసుకున్న కాగితం చేతిలో పెట్టింది.

"ఒక్కసారి చూడండి మేడం. తప్పులుంటే ఇప్పుడే తిట్టేయండి. ఆ రోజు అందరి ముందూ మీ పేరు చెడగొట్టకూడదు కదండి."

చూశాను. గుండ్రటి అక్షరాలు. ఈ అక్షరాలు కూడా నేను దిద్దించినవే. మొదట "కి" ఆట. తర్వాత క్రియల వరస: గివ్, సెండ్, షో, టీచ్, టెల్, ఎక్స్‌ప్లెయిన్.

బాగుంది అన్నాను.

"నిజంగా బాగుందాండి?"

బాగుంది అన్నాను.

సంతోషంగా వెళ్ళిపోయింది. తలనొప్పిగా ఉంది, మాత్ర వేసుకున్నాను. ఆ వెలుగులో నాకు అక్షరాలు సరిగా కనిపించలేదు. కళ్ళజోడు మార్పించుకోవాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను.

ఫిబ్రవరి 26, శివరాత్రి

కుక్కుటేశ్వరుడి గుడికి వెళ్ళాం. గుమ్మం దాటేదాకా క్యూలో ఆయన చెయ్యి వదల్లేదు. స్వామి ముందు నిలబడితే ఏం అడగాలో తోచలేదు. అడగాలనుకున్నది అక్కడ అడిగేది కాదు.

మార్చి 1

కాగితం గురించి చెప్పేద్దామని శ్రీదుర్గ క్లాసు దాకా వెళ్ళాను. లోపల పిల్లలు నవ్వుతున్నారు. వెనక్కొచ్చేశాను. ఇంకా వారం ఉంది కదా.

కళ్ళజోడు బాగానే ఉంది. ఇందాక ఈ పేజీ వెనక్కి తిప్పి చూసుకున్నాను, అన్నీ బాగానే కనిపిస్తున్నాయి.

మార్చి 3

గేటు దగ్గర ప్రసన్నకుమార్ గారు కనిపించారు. కాకినాడలో గ్యాస్ కంపెనీ ఆఫీసులో పనిచేస్తారు. కొడుకు తొమ్మిదిలో, కూతురు బేబీ మూడో తరగతిలో. పేరెంట్స్ మీటింగులో ఇంగ్లీషులో ప్రశ్నలడిగేది ఆయనే. కాసేపు మాట్లాడుకున్నాం. గ్రామర్ గురించే.

మార్చి 7

నిద్ర సరిగా పట్టడం లేదు. ఎండలు ముదిరాయి కదా.

మార్చి 8, శనివారం

అయిపోయింది.

వరసగా రాస్తాను. వరసగా రాస్తే నాకే తెలుస్తుంది.

హాలు నిండింది. జగన్నాథరావు గారు మొదటి వరసలో కూర్చున్నారు. నాకు ఆయన పక్కన కుర్చీ వేశారు. శ్రీదుర్గ లేతాకుపచ్చ చీర కట్టుకుంది, వాళ్ళ అమ్మది కాబోలు, మడతలు పోలేదు. తొమ్మిదో తరగతి పిల్లలతో ఆట మొదలుపెట్టింది. చేపల బుట్ట, టోపీ, చేతికర్ర. "కి" కర్ర పట్టుకుని ముసలాడిలా నడిచేసరికి తల్లిదండ్రులు కూడా నవ్వడం మొదలుపెట్టారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఆవిడకి ఏబీసీడీలు వస్తాయో రావో తెలీదు, పాఠం మాత్రం వచ్చేసింది. అది నేను ఒప్పుకోవాలి. నా పాఠం నా చేతుల్లో ఎన్నడూ అంత బాగాలేదు.

తర్వాత క్రియలు. పిల్లలు ఒక్కొక్కళ్ళే లేచి చెబుతున్నారు. షీ సెంట్ మి ఎ ఫిష్. హి షోడ్ మి ద వే. చప్పట్లు. ఒక పిల్ల లేచి, మేడం ఎక్స్‌ప్లెయిన్డ్ మి ద లెసన్ అంది. శ్రీదుర్గ వెరీ గుడ్ అని దాన్ని బోర్డు మీద రాసింది.

ప్రసన్నకుమార్ గారు చెయ్యెత్తారు. "ఎక్స్‌క్యూజ్ మి మేడం. దటీజ్ రాంగ్, ఐ థింక్."

"లేదండి. 'నాకు' అని వచ్చింది కదండి. గివ్ మి లాగే, ఎక్స్‌ప్లెయిన్ మి అండి" అంది శ్రీదుర్గ. నవ్వుతూనే అంది. అంత నమ్మకం దానికి.

"మా ఆఫీసులో అలా రాస్తే మెయిల్ వెనక్కి పంపేస్తారండి" అన్నారాయన. వెనక వరసల్లో గుసగుసలు.

అప్పుడు శ్రీదుర్గ నా వైపు తిరిగింది. "మా మేడంని అడగండి. ఈ పాఠం నాకు నేర్పింది ఆవిడేనండి."

హాలంతా నా వైపు చూసింది. మా మేడం అంటే నేనే. ఏ భైరవపాలెం మేడమూ కాదు. ఆ సంగతి నాకు ఫిబ్రవరిలోనే తెలుసు.

"ఏమంటారు మాణిక్యం గారూ?" అన్నారు జగన్నాథరావు గారు.

అనడానికి చాలా ఉంది. ఈ పిల్ల తొమ్మిది సగంలో వెళ్ళిపోయిందండి, దొంగ క్రియలు వినలేదు, చెప్పాల్సింది నేను, చెప్పలేదు అనొచ్చు. లేచి నిలబడ్డాను.

"రాంగేనండి. ఎక్స్‌ప్లెయిన్‌కి అలా రాదు. ఎక్స్‌ప్లెయిన్డ్ ద లెసన్ టు మి అనాలి" అన్నాను. నా గొంతు ఎంత బాగుందో! మైకు అక్కర్లేకపోయింది.

నేను అబద్ధం చెప్పలేదు. ఆ వాక్యంలో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

శ్రీదుర్గ బోర్డు మీది వాక్యం తుడిచి, నేను చెప్పినట్టు రాసి, టు కింద గీత గీసింది. "థాంక్యూ మేడం" అంది. మిగతా పాఠం చెప్పింది. చేతికర్ర పట్టుకున్న కుర్రాడు ఎప్పుడు నడవాలో తెలియక అలాగే నిలబడిపోయాడు.

"సీనియర్ సీనియరేనండి" అన్నారు జగన్నాథరావు గారు, బయటికొస్తూ. "టెన్త్ మీ దగ్గరే ఉండనీండి. ఆ అమ్మాయికి కింది క్లాసులిద్దాం."

గెలిచాను. వచ్చేటప్పుడు కాజాలు కొనుక్కొచ్చాను. ఆయన తిన్నారు.

మార్చి 9, ఆదివారం

చేప రాలేదు.

మార్చి 16, ఆదివారం

"ఏంటి, అచ్చాయమ్మకి ఒంట్లో బాగోలేదా?" అన్నారాయన. నాకేం తెలుసన్నాను. వంకాయ కూర చేశాను.

ఏప్రిల్ 2

ఒంటిపూట బడులు. తొమ్మిది వాళ్ళకి టెన్త్ సిలబస్ మొదలుపెట్టాను. నేను లోపలికి వెళ్ళేసరికి అందరూ లేచి నిలబడ్డారు, అందరూ కూర్చున్నారు, అందరూ పుస్తకాలు తీశారు. క్లాసు అంటే అలా ఉండాలి.

ఒకత్తి చెయ్యెత్తింది. "మేడం, శ్రీదుర్గ మేడం మాకు రారాండి?"

రారు అన్నాను.

"ఎందుకండి?"

పుస్తకం తియ్యి అన్నాను. తీసే ఉంది.

శ్రీదుర్గని మూడో తరగతికి వేశారు. ఆ క్లాసు నా క్లాసుకి సరిగ్గా కింద. మధ్యాహ్నం దాకా కింద నుంచి నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి. నా పిల్లలు తలలు వంచుకుని వింటున్నారు, నన్ను కాదు.

టెన్త్ నా దగ్గరే ఉంది. అయినా మంట తగ్గలేదు. గెలిస్తే తగ్గుతుందనుకున్నాను. పోనీ వాళ్ళ నవ్వులు అని ఖాళీలో రాద్దామా అంటే, అదీ సరిపోవడం లేదు. ఐ ఎన్వీ హర్. ఈ క్రియ ఒక్క కర్మతో కూడా నడుస్తుంది. దానితోనే సరిపెట్టుకుంటున్నాను.

ఏప్రిల్ 7, సోమవారం

బెల్లు కొట్టాక మెట్లు దిగుతుంటే శ్రీదుర్గ మూడో తరగతి గుమ్మంలో నిలబడి ఉంది. ఆ రోజు నుంచీ ఎదురుపడితే నమస్కారం పెడుతోంది, అంతే. ఇవాళ పిలిచింది.

"మేడం, మీకు పనేం లేకపోతే ఒక్క అరగంట. దొంగ క్రియలని మీరు టెన్త్‌లో చెబుతారంట కదండి, పిల్లలు చెప్పారు. నేను ఆ పాఠం వినలేదండి. చెప్తారా?"

తప్పించుకుందామని వాచీ చూసుకున్నాను. వాచీ పెట్టుకోలేదు. లోపలికి వెళ్ళాను. అది చిన్నపిల్లల బెంచీలో, మొదటి వరసలో, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. తొమ్మిదో తరగతిలోనూ మొదటి బెంచీలోనే కూర్చునేది.

చెప్పాను. ఎక్స్‌ప్లెయిన్, సే, సజెస్ట్, డిస్క్రైబ్. రాసుకుంది. బాగా చెప్పాననుకుంటాను. అది మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. నా పాఠంలో నవ్వాల్సింది ఉందని నాకే తెలీదు.

"ఇవి టు లేకపోతే రానివి. మరి టుతో అసలు పొసగనివి ఏమైనా ఉన్నాయాండి?"

ఉన్నాయన్నాను. రెండు కర్మలూ తీసుకుంటాయి, తిప్పి రాయడం మాత్రం కుదరదు. ఎన్వీ, ఫర్‌గివ్.

"ఉదాహరణ రాయండి మేడం."

చాక్‌పీసు పట్టుకుని బోర్డు వైపు తిరిగాను. వీపు దాని వైపు ఉంటే నయం అనిపించింది. ఎన్వీకి రాయలేదు. ఫర్‌గివ్ మి అని రాశాను. రాసి అక్కడ ఆగాను.

"రెండు కర్మలన్నారు కదండి" అంది వెనక నుంచి. "రెండోది రాయలేదు."

"ఒకదానితో కూడా నడుస్తుందే. వాక్యం పూర్తయినట్టే."

"నడుస్తుందండి. కానీ పాఠం రెండిటి గురించి కదండి."

గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలని అడిగే పిల్ల గొంతు. మై సైలెన్స్ అని రాశాను. ఫర్‌గివ్ మి మై సైలెన్స్. నా మౌనాన్ని మన్నించు.

"నీ కాగితం ఆ రోజు చూశాను. తప్పు కూడా చూశాను. చెప్పలేదు" అన్నాను, బోర్డుకే.

"తెలుసండి. మీ వేలు ఎక్స్‌ప్లెయిన్ దగ్గర ఆగింది. ఎందుకాగిందో అప్పుడు తెలీలేదు. హాల్లో మీరు లేచి నిలబడగానే తెలిసిందండి."

ఇటు తిరిగాను. అది నన్ను చూడడం లేదు. బోర్డు మీది వాక్యాన్ని చూస్తోంది, పిల్లల వర్క్‌బుక్కు దిద్దుతున్నట్టు.

"సైలెన్స్ ఒక్కటేనాండి?" అంది.

వేళ్ళకంటిన సుద్ద దులుపుకున్నాను.

"ప్రసన్నకుమార్ గారి బేబీ నా క్లాసులోనేనండి. చిన్నపిల్ల కదా, ఇంట్లో అన్నదీ విన్నదీ అన్నీ చెప్పేస్తుంది. వాళ్ళ డాడీకి ఆ ప్రశ్న ఎవరు చెప్పారో కూడా చెప్పిందండి."

మార్చి 3న ఏం రాశానో ఇప్పుడే చూసుకున్నాను. గ్రామర్ గురించే. అవును, గ్రామర్ గురించే. "కొత్త టీచర్లు ఎక్స్‌ప్లెయిన్ దగ్గర తప్పుతారండి, అక్కడ అడిగి చూడండి" అన్నాను గేటు దగ్గర నిలబడి. ఆయన ఫోన్లో రాసుకున్నారు. స్పెల్లింగు కూడా నేనే చెప్పాను.

డస్టర్ తీసుకుని మై సైలెన్స్ తుడిచాను. ఆ చోట రాశాను: వాట్ ఐ సెడ్ టు హిమ్. ఆయనతో నేనన్న మాటని. ఫర్‌గివ్ మి వాట్ ఐ సెడ్ టు హిమ్. సే దొంగ క్రియ కదా, టు పెట్టడం మర్చిపోలేదు. ఆ స్థితిలో కూడా మర్చిపోలేదు, అది చూసుకుని నామీద నాకే అసహ్యం వేసింది.

"నాకు నీమీద అసూయే శ్రీదుర్గా. జూన్ నుంచీ. చాలా అసూయ. ఇప్పుడూ ఉంది" అన్నాను. తెలుగులోనే అన్నాను.

అది బెంచీలోంచి లేచింది. వాక్యం మొదటి నుంచి చివరి దాకా పెదవులు కదుపుతూ చదివింది. తొమ్మిదో తరగతిలో కూడా అలాగే చదివేది.

"వాక్యం కరెక్టేనండి" అంది.

ఇంకేమైనా అంటుందేమోనని చూశాను. సంచీ సర్దుకుంది, స్కూటీ తాళం తీసుకుంది, గుమ్మం దగ్గర ఆగి "వస్తానండి మేడం" అంది. స్కూటీ ఉప్పాడ రోడ్డు మీదికి ఎక్కేదాకా వినిపిస్తూనే ఉంది.

బోర్డు తుడవబోయి ఆగిపోయాను. తుడవడం నా పని కాదనిపించింది. అలాగే వదిలేసి ఇంటికొచ్చాను.

ఏప్రిల్ 8

రోజూ కంటే ముందే వెళ్ళి, పైకి ఎక్కకుండా మూడో తరగతి గదిలోకి తొంగి చూశాను. బోర్డు శుభ్రంగా తుడిచి ఉంది.

స్టాండులో శ్రీదుర్గ స్కూటీ ఉంది. ఆయా సువార్తమ్మ చీపురు పట్టుకుని వరండాలో ఉంది. పొద్దున్నే గదులు ఊడ్చేది, బోర్డులు తుడిచేది ఆమే. ఇది నువ్వు తుడిచావా, శ్రీదుర్గ తుడిచిందా అని ఒక్క మాట అడిగితే తెలిసిపోతుంది.

అడగలేదు.